నిదానమ్మ వీపు మీద రెండు కాపలాలు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న కచేరీ ఉండేది. కచేరీ అనగానే గోడలు, గుమ్మాలు, బల్లలు అనుకునేరు. అవేమీ లేవు. ఒక ముసలి ఏనుగు నిలబడి ఉండేది, అంతే. ఆ ఏనుగే కచేరీ.

ఆవిడ పేరు నిదానమ్మ. ఆ అడవికి ఉన్నది ఒకటే మడుగు. ఎండాకాలం వచ్చిందంటే అందులో నీళ్లు నడుములోతు నుంచి మోకాలిలోతుకు దిగిపోతాయి. అందరూ ఒక్కసారే ఎగబడితే ఎవరికీ దక్కవు, పైగా తాగడానికి వచ్చినవాళ్లే ఇంకొకరికి తిండైపోతారు. అందుకని ఏ జాతి ఏ పూట వెళ్లాలో వంతులు పెట్టుకున్నారు. పులులకొక పూట, జింకలకొక పూట, పందులకు మాత్రం అందరి తర్వాత. ఎందుకో పందుల్ని చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ వంతుల లెక్కంతా నిదానమ్మ దగ్గరుండేది. ఆవిడ మెడలో ఇరవై మూడు కుంకుడు గింజల దండ ఒకటి వేలాడేది. ఒక్కో గింజ మీద ఒక్కో రకం గాటు, ఒక్కో గాటుకు ఒక్కో జాతి. ఎవరైనా వచ్చి "మా వంతెప్పుడు?" అని అడిగితే, తొండం కొసతో గింజల్ని తడిమి జవాబు చెప్పేది. నలభై ఏళ్లలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా పులినీ జింకనీ ఒకే పూట పంపలేదు. అంత పని చేసినావిడకి అడవిలో ఎవరూ దణ్ణం పెట్టిన పాపాన పోలేదు గానీ, ఆ సంగతి వదిలేద్దాం.

వయసులో ఉన్నప్పుడు అడగడమే ఆలస్యం, జవాబు వచ్చేసేది. ఇప్పుడు వయసు మీద పడింది. ప్రశ్న చెవిలో పడి, తలకెక్కి, తొండంలోకి దిగి, గింజ దాకా వచ్చేసరికి ముళ్లపంది కొండయ్య ఒక కునుకు తీసి లేచేవాడు.

"అయ్యిందా పెద్దమ్మా?"

"వస్తోంది నాయనా."

"ఎందాకా వచ్చింది?"

"మెడ దాకా."

కొండయ్య ముళ్లు సర్దుకుని మళ్లీ పడుకునేవాడు.

నిజం చెప్పాలంటే తప్పంతా వయసుది కాదు. సగం తప్పు వీపు మీద కూర్చుని ఉంది. అక్కడ నలభై గోరింకలున్నాయి.

ఏనుగన్నాక పిడుదులు పడతాయి. వచ్చేపోయే జంతువుల ఒంటి మీంచి పాకి వచ్చి, చెవి వెనకో తోక కిందో చేరి, హాయిగా రక్తం తాగుతాయి. కచేరీ ఏనుగు దగ్గరికి అడవి అడవంతా వస్తుంది కాబట్టి నిదానమ్మకి ఆ బెడద మరీ ఎక్కువ. పదేళ్ల కిందట పెద్దల సంఘం సమావేశమై, పిడుదులు ఏరడానికి గోరింక గవరయ్య దళాన్ని కాపలా పెట్టింది. అప్పుడు వచ్చినవి ఆరు గోరింకలే. ఏడాదికి కొందరు చొప్పున చుట్టాలు దిగారు, ఆ చుట్టాలకి పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకీ ఇక్కడే కొలువులు దొరికాయి.

పిడుదుల్ని ఏరడం చిన్న పని. ఏరామని చెప్పుకోవడం పెద్ద పని. నిదానమ్మ తొండం గింజ మీదకి వెళ్తోందనగా గవరయ్య సరిగ్గా కళ్లెదుట వాలేవాడు.

"గమనిక! పెద్దమ్మగారూ, ఈ పూట పదహారు ఈగల్ని అడ్డుకున్నాం. మీరు క్షేమం."

"సంతోషం నాయనా. కాస్త పక్కకి జరుగు, గింజ కనబడ్డం లేదు."

"ఉట్టి సంతోషం కుదరదండి. 'చాలా సంతోషం' అనండి, లేదా 'తర్వాత చెప్తా' అనండి."

"నాకీ కబుర్లు వద్దు అనకూడదా?"

"ఆ మాట మా దగ్గర లేదండి."

ఆవిడ 'తర్వాత చెప్తా' అనేది. గవరయ్య ఎగిరిపోయి, తర్వాత కాగానే మళ్లీ వచ్చేవాడు. మాట తప్పని మనిషని చెప్పాలి.

ఇది కాక రోజుకొక సంపూర్ణ తనిఖీ. నలభై గోరింకలూ బారులు తీరి తోక దగ్గర బయల్దేరి తొండం దాకా అంగుళం అంగుళం పొడుచుకుంటూ నడిచేవి. అంతసేపూ నిదానమ్మ కదలకూడదు. ఆ తనిఖీ ఏ తెల్లవారుజామునో చేసుకోవచ్చుగా? చెయ్యరు. కచేరీ ముందు బారెడు వరస నిలబడి ఉన్నప్పుడే చేస్తారు.

అన్నిటికన్నా పెద్ద నరకం నెలకోసారి వచ్చేది. "పెద్దమ్మగారూ, పడమటి అడవిలో కొత్తరకం పిడుదు పుట్టిందిట. దాని వాసన మావాళ్లంతా నేర్చుకొచ్చారు. ఆ నేర్చింది పనిచెయ్యాలంటే మీరొకసారి కూర్చుని లేవాలి" అనేవాడు గవరయ్య. ముసలి ఏనుగు కూర్చుని లేవడమంటే మాటలా? ముందుకాళ్లు మడవాలి, వెనకకాళ్లు మడవాలి, నడుము ఒప్పుకోవాలి. లేవడం దానికి రెండింతలు. ఆ పూటకిక కచేరీ మూతే.

ఇలా ఉండగా ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగు అడుగంటుతోంది. వంతు కోసం వరసలో నిలబడి నిలబడి ఒక కుందేలు సొమ్మసిల్లింది. గొడవ పెద్దల సంఘం దాకా వెళ్లింది. సంఘానికి పెద్ద ఎలుగుబంటి సూరపరాజు. ఆయన పనులన్నీ చలికాలం నిద్రలో, ఎండాకాలం సమావేశాల్లో జరిగిపోతుంటాయి. ఈ రెంటికీ తేడా పక్కనున్నవాళ్లకే తెలియదు.

సూరపరాజు కచేరీకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "చూడు నిదానమ్మా, నీ మీద మాకు గౌరవం ఉంది. అందుకే నెల గడువిస్తున్నాం. వచ్చే పున్నమిలోగా నీ వేగం పెరగాలి. పెరగలేదా, పొరుగడవి నుంచి కుర్ర ఏనుగుని తెచ్చుకుంటాం. నువ్వు ఎండుగుట్టకి వెళ్లి విశ్రాంతి తీసుకోవచ్చు."

ఎండుగుట్ట అంటే అడవి అవతల బోడికొండ. చెట్టు లేదు, చెలమ లేదు. అక్కడ విశ్రాంతి తీసుకోవడానికి వెళ్లినవాళ్లు ఆ విశ్రాంతి నుంచి తిరిగి వచ్చింది లేదు.

నిదానమ్మ తొండంతో మెడలోని దండ పట్టుకుంది. "నలభై ఏళ్లు అందరికీ నీళ్ల దారి చెప్పినదాన్ని బాబూ. నన్ను నీళ్లు లేని చోటికి పంపుతారా?"

"అది మేం పంపడం కాదమ్మా, నిబంధన పంపుతుంది" అన్నాడు సూరపరాజు. నిబంధన రాసింది తనేనన్న సంగతి ఆయనకి ఆ క్షణాన గుర్తు రాలేదు.

అయినా సంఘం మరీ కఠినమైనదేం కాదు. ఏనుగుని పరీక్షించమని వడ్రంగిపిట్ట సాంబమూర్తిని పిలిపించింది. చెట్టు లోపల పురుగుందో లేదో పైనుంచి కొట్టి చెప్పడం సాంబమూర్తి విద్య. దాన్నే ఏనుక్కీ, ఎద్దుకీ, బండరాయికీ వాడేవాడు. వచ్చీ రావడంతోనే నిదానమ్మ నుదుటి మీద వాలి టకటకా కొట్టాడు.

"ఊఁ. లోపల బాగా నిండిపోయింది. ఖాళీ చాలదు."

"అవన్నీ వంతులు నాయనా. ఖాళీ చేస్తే ఎలా?"

"మాట్లాడకండి, వింటున్నాను." మళ్లీ కొట్టాడు. "ఏనుగు పాతదే కానీ పుర్రె గట్టిది. రోగం కాపలాలో ఉంది. ఈ గోరింకలు ఆ కాలానికి సరే, ఇప్పటికి పనికిరావు. మార్చెయ్యండి. మొన్న పొరుగడవిలో ఒక దున్నకి కొంగల కాపలా పెట్టించాను. ఇప్పుడది లేడిలా గెంతుతోంది."

"ఆ దున్న వయసెంత బాబూ?" అని అడిగింది నిదానమ్మ.

"రెండేళ్లు. అయితే ఏం?"

ఆవిడ సరేనని తలూపింది. గడువు తరుముతున్నవాళ్లు ఎదురు ప్రశ్నలు వెయ్యలేరు.

మర్నాడే కొంగల దళం పెద్ద ధవళేశ్వరరావు దిగాడు. మల్లెపువ్వులాంటి తెల్లటి ఒళ్లు, మెడ వంచి మాట్లాడే మర్యాద. "మేడమ్, మేం వాలితే మీకు తెలియనే తెలియదు. దూది పింజల్లా ఉంటాం. అరవం, అడ్డురాం. ముప్ఫై రోజులు ఉచితం."

"ముప్ఫై రోజుల తర్వాత?"

"ముప్ఫై రోజుల తర్వాత మీరే మమ్మల్ని వదల్లేరు మేడమ్" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదని తర్వాత తేలింది.

ముందు గోరింకల్ని సాగనంపాలి. ఆ మాట చెప్పగానే గవరయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నిజంగానే వెళ్లిపోమంటారా పెద్దమ్మగారూ?"

"అవును నాయనా."

"మేం వెళ్తే మీ ప్రాణానికి ప్రమాదమని తెలిసే అంటున్నారా?"

"తెలిసే."

"పోనీ కారణమైనా చెప్పండి. బరువా? గోలా? వేరేవాళ్లు దొరికారా? లేక చెప్పడం ఇష్టం లేదా?"

"నాలుగూ."

"ఒక్కటే చెప్పాలండి."

"గోల నాయనా, గోల!"

"అయితే ఒక నెల గోల చెయ్యకుండా ఉంటాం. అప్పుడు ఉంచుతారా?"

ఇలా పొద్దుటి నుంచి మిట్టమధ్యాహ్నం దాకా సాగింది. చివరికి గవరయ్య ముక్కు చీది, "సరే. ఇక మీరొకసారి కూర్చుని లేస్తే మేం పోయినట్టే" అన్నాడు. నిదానమ్మ ఉసూరుమంటూ కూర్చుని లేచింది. ముప్ఫై ఏడు గోరింకలు ఎగిరిపోయి ఎదురుగా ఉన్న మద్దిచెట్టు మీద వాలాయి. తోక మొదట్లో, చర్మం మడతలో ఏదో కదిలింది. చూస్తే మూడు గోరింకలు. వాటిలో ఒకటి సాక్షాత్తూ గవరయ్యే.

"నువ్వు వెళ్లలేదా?"

"వెళ్లిపోయినట్టే లెక్కండి. రేపు మీకు మళ్లీ కాపలా కావాలనిపిస్తే పిలవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదండీ."

నిదానమ్మ సాంబమూర్తితో ఈ సంగతి చెప్పింది. "మూడే కదమ్మా, ఉండనివ్వండి. వాటిని ఊడబెరకడం పెద్ద తలనొప్పి" అని చేతులు దులుపుకుని, అంటే రెక్కలు దులుపుకుని, వెళ్లిపోయాడు. పని పూర్తికాకుండా వెళ్లిపోయేవాణ్ణే మన అడవిలో నిపుణుడంటారు.

సాయంత్రానికి కొంగలు దిగాయి. పన్నెండు కొంగలు. నిజంగానే తేలిగ్గా ఉన్నాయి. నిదానమ్మ ప్రాణం లేచొచ్చింది. అంతలో ఒక తీతువుపిట్ట వచ్చి కుడిచెవి మీద కూర్చుని, "ఈ రోజు ఎండ. రేపు కూడా ఎండ" అని అరిచింది. దాని వెనకే ఒక గువ్వ వచ్చి ఎడమచెవి మీద కూర్చుని, ఆవిడ ఎన్నిసార్లు ఊపిరి పీల్చిందో లెక్కపెట్టడం మొదలెట్టింది.

"రావుగారూ, వీళ్లెవరండీ? నేను పిలవలేదే?"

"వద్దని కూడా అనలేదు కదా మేడమ్. మాతో పాటు వస్తారు. అదనపు సేవ."

ఎండాకాలంలో ఎండని అరిచి చెప్పే పిట్ట ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

సరే, ఇంతవరకు నవ్వుకోవచ్చు. అసలు కథ మర్నాడు మొదలైంది.

కొంగల దళానికి ఒక సూత్రం ఉంది. చిన్నగా, నల్లగా, ఏనుగు ఒంటిని అంటిపెట్టుకుని ఉన్నదేదైనా సరే, అది పిడుదే. గోరింకల దళానికీ ఒక సూత్రం ఉంది. నిన్నటిదాకా లేకుండా ఇవాళ ఏనుగు మీద కనబడ్డదేదైనా సరే, అది దొంగే. ఇక చూడండి. తోక మొదట్లో చిన్నగా, నల్లగా, అంటిపెట్టుకుని ఉన్న గవరయ్య ఒక కొంగ కంట్లో పడ్డాడు. నిన్నటిదాకా లేని తెల్లటి కొంగ గవరయ్య కంట్లో పడింది.

"మహా పిడుదు!" అని అరిచింది కొంగ.

"దొంగ! దొంగ!" అని అరిచాడు గవరయ్య.

ఆ అరుపు వినగానే మద్దిచెట్టు మీది ముప్ఫై ఏడు గోరింకలూ మళ్లీ కొలువు దొరికిందన్న సంబరంతో రివ్వున వచ్చి వాలాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఒక వీపు మీద యాభై రెండు ముక్కులు ఇముడుతాయా? పొడుచుకోవడం, పీక్కోవడం, నల్ల ఈకలు, తెల్ల ఈకలు. కొంగకి గురితప్పిన పోటు ఏనుక్కి తగిలేది, గోరింకకి గురితప్పిన పోటూ ఏనుక్కే తగిలేది. పైనుంచి తీతువు "ఎండ! ఎండ!" అంటూనే ఉంది.

నిదానమ్మకి ప్రశ్నలు వినబడటం మానేశాయి. ఒకడు వచ్చి వంతు అడిగితే జవాబు మర్నాటికి వచ్చేది, అప్పటికి వంతు దాటిపోయేది. ముళ్లపంది కొండయ్య ఇక కునుకు తీయడం మానేసి పూర్తిగా నిద్రపోవడం మొదలుపెట్టాడు.

ఆ గోలలో ఒకనాడు ఎడమచెవి వెనక నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"పెద్దమ్మా, నమస్కారం. నేను పిడుదుని. పాతకాపుని."

"ఇంకా ఉన్నావా నాయనా? ఇంతమంది కాపలా ఉండగా?"

"వాళ్లు పైన కొట్టుకుంటారు, మేం కింద తాగుతాం. ఈ నెలలో మావాళ్లు బాగా వృద్ధిలోకొచ్చారు. మీరు మాత్రం ఒంట్లో జాగ్రత్తగా ఉండాలి తల్లీ, మీ మీద ఆధారపడ్డ కుటుంబాలున్నాయి."

నిదానమ్మకి నవ్వొచ్చింది. ఆ నెలంతా ఆవిడ ఆరోగ్యం గురించి అడిగింది ఆ పిడుదు ఒక్కడే.

పున్నమి ఇక మూడు రోజులుందనగా ధవళేశ్వరరావు తానే స్వయంగా తనిఖీకి దిగాడు. మెడ దగ్గర ఆగి, కళ్లు పెద్దవి చేశాడు. చిన్నగా, నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ, మెడని అంటిపెట్టుకుని ఇరవై మూడు!

"మేడమ్, కదలకండి! మీ మెడ చుట్టూ రక్తం తాగి ఉబ్బిన పిడుదులు! పదేళ్లుగా ఈ గోరింకలు కాపాడుకొస్తున్నది వీటినేనన్నమాట!"

"అయ్యో నాయనా, అవి కుంకుడు గింజలు. వంతుల గింజలు."

"చూశారా? మీ నోట అలా పలికిస్తున్నది కూడా అవే" అని ముక్కుతో ఒక్క లాగు లాగాడు. నార తెగింది. గింజలన్నీ జలజలా రాలాయి. కొంగలు వాటిని ఏరి, మద్దిచెట్టు తొర్రలో పోసి, తొర్రకి 'అనుమానితుల తొర్ర' అని పేరు పెట్టి, ఒంటికాలి మీద ఒక కాపలాకొంగని నిలబెట్టాయి.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

జింకల పెద్ద వచ్చి వంతు అడిగింది. నిదానమ్మ తొండం అలవాటుగా మెడ మీదికి వెళ్లింది. అక్కడేమీ లేదు. మళ్లీ తడుముకుంది. వంతులన్నీ లోపల ఉన్నాయి, కానీ గింజ మీది గాటు తొండానికి తగిలితే గానీ ఏది ఎవరిదో పైకి రాదు. నలభై ఏళ్ల అలవాటది. "నాకు తెలియదు తల్లీ" అంది. ఆ మాట అనడం ఆవిడకి జన్మలో అదే మొదలు. ఏనుగు కళ్లలో నీళ్లు తిరగడం జింక చూసి, తలవంచుకుని వెళ్లిపోయింది.

సాంబమూర్తి వచ్చి నుదుటి మీద కొట్టి చూశాడు. "గింజలు లేకపోతే పనిచెయ్యదా? అయితే ఇది కాపలా లోపం కాదు, ఏనుగు లోపం. ఏనుగుని మార్చండి."

వంతులు లేకపోతే దాహం ఆగుతుందా? ఒక రోజు ఆగింది. రెండో రోజు అడవంతా మడుగు మీద పడింది. అందరికన్నా ముందు ఎవరు చేరారో చెప్పాలా? పందులు. నీళ్లు తాగడానికి వచ్చాం అనుకున్నారు గానీ, దిగాక పొర్లకుండా ఉండటం వాళ్ల చేతుల్లో లేదు. ఘడియలో దక్షిణపు గట్టంతా చిక్కటి బురదైపోయింది. ఉత్తరం వైపు మిగిలిన కాసిని నీళ్ల దగ్గర జింకలు ఒక వైపు, పులి ఒక వైపు ఎదురుబొదురుగా నిలబడిపోయారు.

పులి ఇబ్బందిగా మొహం పక్కకి తిప్పుకుంది. "నేను నీళ్లకే వచ్చాను. కానీ ఎదురుగా ఇంతమంది నిలబడితే నా మీద నాకే నమ్మకం లేదు. నిదానమ్మ పెద్దమ్మ చేత నా వంతేదో త్వరగా చెప్పించండి బాబూ."

ఆ పూటకి ఎవరూ ఎవర్నీ తినలేదు. ఎవరూ సరిగా తాగనూ లేదు.

సాయంత్రం సూరపరాజు కచేరీకి వచ్చాడు. "పున్నమి రేపే నిదానమ్మా. కుర్ర ఏనుక్కి కబురు పంపించాం. పొద్దున్నే నువ్వు ఎండుగుట్టకి బయల్దేరాలి."

నిదానమ్మ "సరే బాబూ. వెళ్లేముందు మడుగుని ఒకసారి చూసుకుంటాను" అంది.

మర్నాడు తెల్లవారాక బయల్దేరింది. వీపు మీద యుద్ధం మానలేదు. చెవి మీద గువ్వ ఊపిర్లు లెక్కపెడుతూనే ఉంది. మడుగు దక్షిణపు గట్టుకి వచ్చేసరికి చల్లటి బురద వాసన తొండానికి తగిలింది.

ఆ వాసనకి ఆవిడ నిలబడిపోయింది. చిన్నప్పుడు అమ్మ వెనక నడుస్తూ ఇలాంటి బురదలోనే రోజూ పొర్లేది. అది ఆరాక చెట్టుకేసి రుద్దుకుంటే పెళ్లలతో పాటు పిడుదులూ రాలిపోయేవి. ఏనుగుగా పుట్టిన ప్రతిదానికీ దేవుడు ఇచ్చి పంపిన కాపలా అది. మరి ఎప్పుడు మానేసింది? పదేళ్ల కిందట, గవరయ్య కొలువులో చేరిన రోజున. "బురద ఉంటే మా కాపలా సాగదండి" అని అతను పెట్టిన మొదటి షరతు అదే. "కచేరీ ఏనుగు బురదలో పొర్లితే పరువేం కాను?" అని సంఘం కూడా వంత పాడింది. ఆవిడా తలూపేసింది.

నిదానమ్మకి తన మీద తనకే కోపం వచ్చింది. ముందుకాలు బురదలో పెట్టింది.

"పెద్దమ్మగారూ! ఆగండి! బురద నిషేధం!" అని అరిచాడు గవరయ్య.

"మేడమ్! వద్దు! మీ రక్షణ మొత్తం ఆగిపోతుంది!" అని అరిచాడు ధవళేశ్వరరావు.

నెలరోజులుగా ఒకరి ఈకలు ఒకరు పీక్కున్నవాళ్లు ఆ ఒక్క మాట మీద అన్నదమ్ముల్లా కలిసిపోయారు.

"ఎండుగుట్టకి వెళ్లేదాన్ని నాయనా, నాకింక రక్షణెందుకు?" అంటూ రెండో కాలు కూడా పెట్టి, దబ్బున కూలబడి, ఒక్క పొర్లు పొర్లింది. నల్లవీ తెల్లవీ అన్నీ గగ్గోలుగా గాల్లోకి లేచాయి. తీతువు ఎండ మాట మర్చిపోయి పారిపోయింది. గువ్వకి లెక్క తప్పింది. నిదానమ్మ అటు పొర్లింది, ఇటు పొర్లింది, తొండంతో వీపు మీద బురద చిమ్ముకుంది. ఆ హాయికి ఆవిడ పెట్టిన ఘీంకారం పొరుగడవి దాకా వినిపించిందంటారు.

ఎండ మండిపోతోంది కదా, బురద ఇట్టే ఆరింది. ఆవిడ లేచి గట్టు మీదున్న ఒక చెట్టు మొదలుకేసి వీపు రుద్దుకుంది. పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఒక్కో పెళ్లలో పదేసి పిడుదులు. పాతకాపు కూడా రాలుతూ రాలుతూ "ఏమైనా మంచి ఇల్లమ్మా" అని దణ్ణం పెట్టి పోయాడు. వీపు మీద పక్షి లేదు, చెవి వెనక పురుగు లేదు. పదేళ్ల తర్వాత తన ఒళ్లు తనకి దొరికినట్టయింది నిదానమ్మకి. నాలుగడుగులు వేసి చూసుకుంది. కాళ్లు తేలిగ్గా పడుతున్నాయి. అంతే, నేరుగా కచేరీ ఎదుటి మద్దిచెట్టు తొర్ర దగ్గరికి వెళ్లింది.

కాపలాకొంగ రెక్క అడ్డం పెట్టింది. "అనుమానితుల విడుదలకి దరఖాస్తు పెట్టుకోవాలి. విచారణకి ఏడు రోజులు."

నిదానమ్మ కొంగని సుతారంగా పక్కన పెట్టి, తొండం తొర్రలోకి దూర్చి, ఇరవై మూడు గింజలూ ఒక్క పట్టున బయటికి తీసింది. మడుగు గట్టుకి తెచ్చి, నేల మీద పరిచి, తడిమి, చుట్టూ నిలబడ్డవాళ్లందరికీ అక్కడికక్కడ వంతులు చెప్పేసింది. పులికి తెల్లవారుజాము, జింకలకి పొద్దెక్కాక, కుందేళ్లకి సాయంత్రం. మాట వెంట మాట. అడిగినవాళ్లు నోరు మూసేలోపే జవాబు వచ్చింది. పులి హమ్మయ్య అనుకుని తోక ఊపుకుంటూ వెనక్కి వెళ్లిపోయింది. జింకలు కడుపునిండా తాగాయి.

ముళ్లపంది కొండయ్య మాత్రం అలవాటు చొప్పున అడిగి పడుకున్నాడు. లేచేసరికి అతని వంతు దాటిపోయింది. "ఇంత తొందరగా చెప్పేస్తే ఎలా పెద్దమ్మా? పనిచేసేవాళ్లకి కాస్త నిదానం ఉండాలి" అని సంఘానికి ఫిర్యాదు రాసుకున్నాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

"కాపలా మార్చమని మొదట చెప్పింది నేను" అన్నాడు సాంబమూర్తి.

"ఉచిత గడువు ముగియకముందే ఫలితం చూపించాం" అన్నాడు ధవళేశ్వరరావు.

"పదేళ్లు మేం పోసిన పునాది" అన్నాడు గవరయ్య.

సూరపరాజు ముగ్గురికీ తలూపాడు. ఆయనకి అందరూ నిజమే చెబుతున్నట్టు అనిపిస్తుంది, పెద్దరికం నిలబడేది అందువల్లే. "మొత్తం మీద బురద మంచిదని తేలింది. ఇంత విలువైన బురదని కాపలా లేకుండా వదిలెయ్యడం క్షేమం కాదు. నేటి నుంచి గోరింకల దళం తూర్పు గట్టునా, కొంగల దళం పడమటి గట్టునా బురదని కాపాడతాయి. చీటీ లేనిదే ఎవరూ దిగకూడదు. చీటీలు సాంబమూర్తి ఇస్తాడు. నిదానమ్మా, నువ్వేమంటావు?"

"కుర్ర ఏనుగు రాదు కదా బాబూ?"

"రాదు. నీ ఘీంకారం విని భయపడి సగం దారిలోనే వెనక్కి తిరిగిందిట."

"అయితే మీ ఇష్టం" అంది నిదానమ్మ.

మర్నాడు మధ్యాహ్నం కచేరీ పని ముగించుకుని ఆవిడ మడుగుకి వెళ్లింది. తూర్పు గట్టు మీంచి గవరయ్య, పడమటి గట్టు మీంచి ధవళేశ్వరరావు ఒకేసారి "చీటీ!" అన్నారు. నిదానమ్మ ఆగలేదు. రెండువేల వీశెల ఏనుగు బురదలోకి దిగుతుంటే చీటీ అడగడానికి ఏ పక్షి ఎదురు నిలుస్తుంది? రెండు దళాలూ గాల్లోకి లేచి, ఆవిడ పొర్లడం అయ్యేదాకా పైన చక్కర్లు కొట్టి, మళ్లీ కిందికి వాలాయి. వాళ్ల మొహాలు చూసి నిదానమ్మకి జాలేసింది. పాపం, పిల్లలు గలవాళ్లు.

"బాగా కాస్తున్నారు నాయనా, చాలా సంతోషం" అని చెప్పి, ఒంటికి బురదతో, మనసుకి హాయితో, గబగబా కచేరీ వైపు నడిచింది.

నీతి: ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఇంటి కాపలాని మాన్పించడం ఆయన వల్ల అసలే కాదు.